బాలింత మనస్సు క్రుంగినప్పుడు

చదువవలసిన భాగము: సంఖ్యాకాండము 11:10–17



అరణ్యములో ఇశ్రాయేలీయులు మాంసము కొరకు తమ తమ గుడారముల యెదుట నిలిచి ఏడ్చిన సంగతి మనమందరము ఎరిగినదే. ఆ దినమున మోషే దేవునితో పలికిన మాటలను మాత్రము మనము త్వరగా చదివి దాటిపోవుచుందుము. వీరినందరిని గర్భమున మోసినది నేనా, కన్నది నేనా, చంటిబిడ్డను రొమ్మున నెత్తుకొనినట్టు వీరిని ఎంత దూరము మోయుదును అని ఆయన మొఱపెట్టెను. ఇది ఒక్కడు మోయగల బరువు కాదనెను. ఇదే నా పాలయితే నా ప్రాణము తీసివేయుము, అదే నాకు మేలనెను.

మోషే ఫరో యెదుట నిలిచినవాడు. సముద్రమును దాటించినవాడు. అట్టి దైవజనుడు తన అలసటను చెప్పుకొనుటకు వేరొక పోలిక దొరకక, బిడ్డను కని ఎత్తుకొని తిరుగు వారి అలసటనే పోలికగా తీసికొనెను. ఆ పోలిక చెప్పిన నోటితోనే చావును కోరెను. ఈ రెండు మాటలు ఒకదాని ప్రక్కన ఒకటి వాక్యములో ఉండగా, మన సంఘములలో ఒక బాలింత ‘నాకు బ్రతకాలని లేదు’ అన్నప్పుడు మనము ఎందుకంత ఆశ్చర్యపడుదుము? ఎందుకంత కోపపడుదుము?

మేము ఈ పాఠము వ్రాయుటకు కారణమొకటి కలదు. దానిని దాచిపెట్టి వ్రాసిన యెడల ఈ పాఠమునకు విలువ యుండదు.

2016వ సంవత్సరము వర్షకాలములో, కృష్ణా డెల్టాలోని ఒక పేటకు మేము ఇండ్ల దర్శనమునకు పోయితిమి. అచ్చట ఒక యింట కోడలు ప్రసవించి అయిదు వారములైనది. తల్లి లేని పిల్ల గనుక పురుడు అత్తవారింటనే జరిగెను. మొదటిది ఆడపిల్ల, ఇదియు ఆడపిల్లయే. భర్త హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయి యుండెను. కోడలు సరిగా తినదనియు, బిడ్డ ఏడ్చినను పలుకదనియు, రాత్రులు దూలముల వైపు చూచుచు పడుకొని యుండుననియు అత్తగారు చెప్పి కన్నీరు పెట్టుకొనెను. మేము నలుగురము మంచము చుట్టు కూర్చుంటిమి. కీర్తన పాడితిమి, వాక్యము చదివితిమి. తరువాత, గొడ్రాలి యిండ్లు ఎన్ని లేవు, దేవుడు నీకు రెండవ బిడ్డను కూడ సుఖముగా ఇచ్చెను, నీవు ముఖము చిన్నబుచ్చుకొని యుండుట కృతజ్ఞత లేనితనము కాదా అని బుద్ధి చెప్పితిమి. స్తోత్రము చెప్పుమంటిమి. ఆమె చెప్పెను. చెప్పి గోడ వైపు తిరిగి పడుకొనెను. మేము కాఫీ త్రాగి బయటికి వచ్చి, ఈ పిల్లకు ప్రార్థనా జీవితము లేదని ఒకరితో నొకరము అనుకొంటిమి.

పండ్రెండు దినముల తరువాత, అర్ధరాత్రి బిడ్డ ఏడ్పు ఆగకపోవుట విని అత్తగారు లేచి చూడగా కోడలు మంచము మీద లేదు. కాలువ రేవు మెట్ల మీద ఒంటరిగా కూర్చుండియున్నది. దేవుని కృపవలన ఆ ముసలమ్మ సమయమునకు చేరెను. తెల్లవారగానే ఆశా కార్యకర్త తోడురాగా ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోయిరి.

ఆమె కోలుకొనిన చాల నెలల తరువాత మాతో చెప్పిన మాట ఇది: ‘అయ్యగారూ, ఆ రోజు మీరొచ్చినప్పుడు చెబుదామనుకున్నానండి. నా మనసు బాగోలేదు, నేను చచ్చిపోతానేమో అని చెబుదామనుకున్నానండి. ఈలోగా స్తోత్రం చెప్పమ్మా అన్నారు. స్తోత్రం అన్నానండి.’

ఈ మాటకు మా యొద్ద జవాబు లేదు. ఇప్పటికిని లేదు.

ఫీనెహాసు భార్య సంగతి 1 సమూయేలు 4వ అధ్యాయములో నున్నది. మామయు భర్తయు చనిపోయిరని, దేవుని మందసము శత్రువుల చేత చిక్కెనని విని ఆమెకు నొప్పులు వచ్చెను. చుట్టు నిలిచిన స్త్రీలు మంచివారే. భయపడకుము, కుమారుని కంటివని ధైర్యము చెప్పిరి. ఆమె బదులు పలుకలేదు, ఆ మాట లక్ష్యపెట్టనూ లేదు. ఆమెది మనము ఇక్కడ చెప్పుకొను వ్యాధియని మేము అనము. ఆమె ప్రాణము పోవుచుండెను, ఆమె దుఃఖమునకు కారణము కంటికి కనబడుచుండెను. అయితే పురిటి మంచము ప్రక్కన పలికిన మంచి మాట సైతము కొన్ని వేళల లోపలికి పోదని లేఖనము దాచక వ్రాసినది. ఆమెను తప్పుపట్టుచు ఒక్క మాటయైనను వ్రాయలేదు.

ఇప్పుడు ఈ వ్యాధి ఎట్టిదో తెలిసికొందము. ఇది మూడు రీతులుగా కనబడును. మూటిని కలిపివేయుట వలననే మన ఊళ్లలో చాల కీడు జరుగుచున్నది.

మొదటిది వ్యాధియే కాదు. కాన్పయిన మూడవ దినమో నాలుగవ దినమో బాలింతకు ఊరకే ఏడ్పు వచ్చును. కొంతసేపు నవ్వును, కొంతసేపు విసుగుకొనును. గర్భకాలమంతయు ఒంటిలో నిండుగా నుండిన కొన్ని హార్మోనులు, మావి పడిన కొద్ది దినములకే ఒక్కసారిగా తగ్గిపోవుటయు, నిద్ర లేకపోవుటయు, నొప్పులును ఇందుకు తోడగును. తల్లులలో సగము మందికో అంతకు మించియో ఇది కలుగును. రెండు వారములలోపల తనంతట తానే పోవును. దీనికి మందు అక్కరలేదు. వేడి అన్నమును, కొంత నిద్రయు, కసరని నోరును చాలును.

రెండవది ఆ రెండు వారములు దాటినను పోనిది, లేక నెల రెండు నెలల తరువాత మెల్లగా వచ్చునది. కొందరికి గర్భముతో నుండగానే మొదలగును. డాక్టర్లు దీనిని ప్రసవానంతర డిప్రెషను అందురు. దీనికి ఒక గురుతు మన స్త్రీలందరును జ్ఞాపకముంచుకొనవలెను. బిడ్డ నిద్రపోవుచున్నను, ఇల్లు సద్దుమణిగినను, ఒళ్లు అలసి యున్నను, తల్లికి నిద్ర రాదు. ఆకలి చచ్చిపోవును. ఇష్టమైన పనియందు ఇష్టము పోవును. నేను మంచి తల్లిని కాను, నేను లేకుంటేనే ఈ బిడ్డకు మేలు అను తలంపు వచ్చిపోవుచుండును. బిడ్డను ఎత్తుకొనినను మనస్సులో ఏమియు కదలదు. ఈ సంగతి ఆమె ఎవరితోను చెప్పదు, ఎట్లు చెప్పును? తల్లి ప్రేమను గూర్చి మనము ప్రతి ప్రసంగములోను చెప్పునది విన్నది గదా! యెషయా 49:15లో దేవుడు తన ప్రేమను తల్లి ప్రేమతో పోల్చిన చోటనే, తల్లియైనను మరచుట కలుగవచ్చునని ఒప్పుకొని, తాను మాత్రము మరువనని చెప్పెను. ఆ వాక్యమును తల్లులను గద్దించుటకు వాడకుడి.

బిడ్డకు ఏదో అపాయము తన చేతనే జరుగునేమో అను భయంకరమైన తలంపులు కూడ, అక్కరలేదన్నను, కొందరు తల్లులకు వచ్చును. వాటిని చూచి వారే వణకిపోవుదురు. అట్టి తలంపు వచ్చి భయపడు తల్లి దుష్టురాలు కాదు. ఆమె చెప్పినప్పుడు విని డాక్టరునొద్దకు తీసికొనిపోవలెను గాని బిడ్డను లాగుకొని కేకలు వేయరాదు.

మూడవది అరుదు. వేయి కాన్పులలో ఒకటి రెండింట వచ్చును. అయితే వచ్చిన యెడల ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. సాధారణముగా మొదటి రెండు వారములలో, ఉన్నట్టుండి వచ్చును. తల్లికి రాత్రుల మీద రాత్రులు నిద్ర యుండదు, నిద్ర అక్కరలేదని కూడ అనును. పొంతన లేని మాటలు, లేని స్వరములు వినబడుట, బిడ్డ నా బిడ్డ కాదనుట, లేక బిడ్డయందు దేవుడో దయ్యమో ఉన్నట్టు చెప్పుట జరుగును. మన క్రైస్తవ కుటుంబములలో దీనికి ఒక ప్రత్యేకమైన అపాయమున్నది. ఆమె మాటలలో వాక్యములును దర్శనములును దొర్లుచుండును గనుక, కొందరు ఆత్మ దిగెనందురు, కొందరు దురాత్మ పట్టెనందురు. ఇరువురును ఆమెను నిద్రలేకుండ కూర్చుండబెట్టి ప్రార్థింతురు. సహోదరులారా, ప్రార్థించుడి, దారిపొడుగున బండిలో ప్రార్థించుడి. బిడ్డను ఆమెయొద్ద ఒంటరిగా విడువకుడి, ఆమెను ఒంటరిగా విడువకుడి, రేపటి వరకు ఆగకుడి. దీనికి మంచి వైద్యమున్నది. తగిన కాలమునకు తీసికొనిపోయిన వారిలో అత్యధికులు స్వస్థపడుచున్నారు.

ఇట్టివన్నియు పట్టణపు స్త్రీలకు, చదువుకొనినవారికి వచ్చు రోగములు, మన పొలములలో పని చేయువారికి రావు అని పెద్దలు కొందరు చెప్పగా వింటిమి. అది నిజము కాదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలను మన సంఘములలో ఎరుగనివారు లేరు. చిత్తూరు జిల్లా వారికైతే అది పెరటి ఆసుపత్రి వంటిది. 1890 దశకములో తిండివనములో ఒక్క రాత్రి ముగ్గురు పురుషులు వచ్చి, పురిటి నొప్పులు పడుచున్న తమ భార్యలకు స్త్రీ వైద్యురాలు కావలెనని అడుగుటయు, ఎవరును లేక తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు తల్లులు చనిపోవుటయు చూచి, ఐడా స్కడ్డరు అను యువతి వైద్యవిద్యకు పోయెను. 1900లో తిరిగివచ్చి ఆమె ప్రారంభించిన పనియే ఆ కళాశాల. ఒళ్లు దక్కినను మనస్సు నలిగిపోవు తల్లుల లెక్కను కూడ ఆ కళాశాల వారే తీసిరి. కనియంబాడి ప్రాంతపు గ్రామములలో గర్భిణులను చూచి, కాన్పు తరువాత మరల చూచి, 2002లో ప్రచురించిరి. కాన్పు తరువాత క్రొత్తగా ఈ రెండవ విధమైన వ్యాధి వచ్చినవారు నూటికి 11 మంది. గోవాలో చేసి అదే సంవత్సరము ప్రచురించిన పరిశోధనలో, ఆరు మొదలు ఎనిమిది వారముల నాటికి నూటికి 23 మందిలో ఈ వ్యాధి కనబడెను.

అంకెలకంటె ఎక్కువగా మమ్మును ఆపినది, వేలూరు వారు కనుగొనిన కారణముల వరుస. తక్కువ రాబడి. మగబిడ్డ కొరకు చూచుచుండగా ఆడబిడ్డ కలుగుట. అత్తగారితోను కన్నవారితోను పొత్తు కుదరకపోవుట. గర్భవతిగా నుండగా కలిగిన కష్టములు. చేతిక్రింద పనికి సహాయము లేకపోవుట. ఈ వరుసలో భక్తి తక్కువ అను మాట లేదు. ఇందులో ఎన్ని ఆ తల్లి చేతిలో నున్నవి, ఎన్ని మన చేతిలో నున్నవి? ఆడబిడ్డ పుట్టిన యింటికి పోయి ‘ఈసారి కూడానా’ అని పెదవి విరిచినది మన సంఘపు నోరు కాదా? గోవా వారు దారిద్ర్యముతోబాటు భర్త ప్రవర్తనను కూడ చెప్పిరి. త్రాగి వచ్చి కొట్టువాని భార్యకు మాత్రలిచ్చి పంపినంత మాత్రమున ఏమగును? అట్టివానిని పెద్దలు పిలిచి మాటలాడవలెను.

ఇరువది యొకటవ దినపు ఉయ్యాల వేడుకను గూర్చియు ఒక మాట. రెండు వందల మందికి భోజనము పెట్టి, పట్టుచీర కట్టించి, కుట్లు మానని బాలింతను మూడు గంటలు కుర్చీలో కూర్చుండబెట్టి నవ్వుమందుము. యాకోబు తన అన్నతో నడువనొల్లకపోయిన సంగతి (ఆదికాండము 33:13, 14) గొఱ్ఱెలు కాయువారికి బాగుగా తెలియును. పాలిచ్చు గొఱ్ఱెలును పశువులును నాయొద్ద నున్నవి, వాటిని ఒక్క దినము వడిగా తోలినను మంద దక్కదు, నేను మెల్లగా వచ్చెదననెను. యెషయా 40:11లో మన కాపరి నడకయు అట్టిదే. ఎదిగిన జీవాల నడకతో కాదు, పాలిచ్చువాటి నడకతో ఆయన నడుచును. సంఘము మాత్రము తన నడకతో బాలింతను తోలుచున్నది.

ఇక మోషే యొద్దకు తిరిగి పోదము. చంపివేయుమని అడిగిన సేవకునికి దేవుడు ఏమి చేసెను? అవిశ్వాసీ అనలేదు. ఇంకను బలము తెచ్చుకొనుమనలేదు. డెబ్బదిమంది పెద్దలను పిలిపించుము, వారు నీతోకూడ ఈ బరువు పట్టుదురు, నీవు ఒంటరిగా మోయవు అనెను. బరువు తగ్గలేదు. ఆ జనము ఆ జనమే, ఆ అరణ్యము ఆ అరణ్యమే. మోయు చేతులు పెరిగినవి.

ఏలీయా విషయములోను అంతే. కర్మెలు మీద అంత గొప్ప జయము కలిగిన తరువాతనే, బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరెను (1 రాజులు 19). గొప్ప సంతోషము వెనుకనే గొప్ప క్రుంగుదల రాదని ఎవరు చెప్పగలరు? దూత వచ్చి అతనిని తట్టి, నిప్పుల మీద కాల్చిన అప్పమును నీళ్ల బుడ్డిని చూపెను. తిని మరల పండుకొనెను. మరల తట్టి మరల తినుమనెను, ప్రయాణము నీ శక్తికి మించినదని కూడ చెప్పెను. ‘ఇక్కడ నీకేమి పని’ అని దేవుడు అడిగినది చాల దినముల తరువాత హోరేబులో. మేమైతే ఆ పేటలో మొట్టమొదటనే ప్రశ్న అడిగితిమి, అప్పము మాట తలపెట్టలేదు. సరికదా, కాఫీ మేమే త్రాగి వచ్చితిమి.

బరువు పంచుకొనుట వలన ఈ వ్యాధి నిజముగా తగ్గునా అని అడుగువారికి, పాకిస్తాను దేశపు రావల్పిండి ప్రాంతపు గ్రామముల సంగతి చెప్పుదుము. అచ్చట డాక్టర్లు కాని సాధారణ గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు కొద్దిపాటి తర్ఫీదు ఇచ్చిరి. వారు ఈ వ్యాధి గల తల్లుల యిండ్లకు మరల మరల పోయి, ప్రక్కన కూర్చుండి వినిరి. క్రుంగదీయు తలంపులను చిన్న చిన్న పనులతో ఎదుర్కొనుట నేర్పిరి. అత్తలను భర్తలను కూడ ఆ మాటలలోనికి తెచ్చిరి. 2008లో ప్రచురించిన లెక్క ప్రకారము, బిడ్డకు ఆరు నెలలు వచ్చు నాటికి ఈ తర్ఫీదు పొందిన వారు చూచిన తల్లులలో ఇంకను వ్యాధితో నున్నవారు నూటికి 23, అది లేని సాధారణ దర్శనములు పొందిన తల్లులలో నూటికి 53. ఆ పని చేసినది మన బైబిలు స్త్రీల వంటివారే.

కాబట్టి బాలింతను చూడబోవునప్పుడు పురుషులు గుంపుగా పోవుట మానవలెను. అమ్మగారో, బైబిలు స్త్రీయో, ఆమెకు ఇష్టమైన ఒక స్నేహితురాలో ఒంటరిగా పోవలెను, అత్తగారు ప్రక్క గదిలో నుండగా కూర్చుండవలెను. ‘నిద్ర పడుతోందా అమ్మా? మనసు ఎలా ఉంది?’ అని అడిగి, నోరు మూసికొని వినవలెను. ‘బ్రతకాలని లేదనిపిస్తోందా’ అని సూటిగా కూడ అడుగవచ్చును. అడిగినందున ఆ తలంపు పుట్టదు. ఉన్న తలంపు బయటికి వచ్చుటకు వాకిలి దొరకును. ఉన్నదని చెప్పిన యెడల ఆ రాత్రి ఆమెను ఒంటరిగా విడువక డాక్టరునొద్దకు తీసికొనిపోవలెను.

ఆసుపత్రిలో కాన్పయిన తల్లి యింటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో బిడ్డను చూచుటకు రావలసి యున్నది. ఆమెతో తల్లి మనస్సు సంగతి కూడ చెప్పుడి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుని అడుగుడి. టెలిమానస్ అను ప్రభుత్వ సేవ 2022లో ప్రారంభమైనది, 14416 నంబరుకు రాత్రి పగలు ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును, డబ్బు తీసికొనరు. రక్తము తక్కువయినను, థైరాయిడు తప్పినను ఇట్టి నీరసమే రావచ్చును గనుక డాక్టరు రక్తపరీక్ష వ్రాయును. ఊరిలోని ఆర్.ఎం.పి. యిచ్చు నిద్రమాత్రలతో కాలము గడుపరాదు.

మాత్రలు మ్రింగిన పాలు విషమగునని భయపడి కొందరు మాన్పింతురు. పాలిచ్చు తల్లులు వాడదగిన మందులు కలవు. బిడ్డకు పాలిచ్చుచున్నానని డాక్టరునకు చెప్పిన తగినది ఎన్నుకొనును. ఆ మందు పని తెలియుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. నెమ్మదించెను గదా అని మానరాదు, డాక్టరు చెప్పినన్ని నెలలు వాడవలెను. ఆసుపత్రిలో చేర్చిన బిడ్డను విడదీయుదురను భయమును కొందరికున్నది. మూడేండ్లలోపు బిడ్డను, అపాయము కలదని డాక్టరు తలంచిననే తప్ప, చికిత్స పొందు తల్లి నుండి సాధారణముగా వేరుచేయరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములో నున్నది.

రాత్రిని పంచుకొనుటయే అన్నిటికంటె కష్టము, అన్నిటికంటె మేలును అదే. తల్లి ఒక్క పట్టున నాలుగైదు గంటలు నిద్రపోవునట్లు మరియొకరు బిడ్డను చూచుకొనవలెను. ఇది భర్త చేయదగిన పని. బిడ్డకు గుడ్డ మార్చినందువలన ఏ పురుషుని గౌరవమును తగ్గినట్లు మేము వినలేదు.

మేము మొదట చెప్పిన పేటలో స్త్రీల సమాజము వారికి ఒక చందా పుస్తకమున్నది. దాని చివరి పుటలలో ఇప్పుడు బాలింతల పేర్లు వ్రాయుచున్నారు. పేరునకు ఎదురుగా నీళ్లు ఎవరు, బట్టలు ఎవరు, కూర ఎవరు, రాత్రి ఎవరు అని గళ్లు గీసియున్నవి. క్రిందటి పర్యాయము పోయినప్పుడు మేము ఆ పుస్తకము అడిగి చూచితిమి. గళ్లు గీసి వ్రాయునది ఆ కోడలే. ‘రాత్రి ఎవరు’ అను గడిలో ఆమె అత్తగారి పేరు మూడు మార్లు కనబడినది.